వేసవిలో మేత తగ్గించి వానల్లో బాగా మేపితే దున్నదూడలకి పోయిన బరువు మళ్లీ వస్తుందా?

విశాఖ దగ్గర పద్మనాభం ఊరి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఆయన దగ్గర ముర్రా జాతి మగదూడలు పదిహేను ఉన్నాయి, పదకొండు ఏడాది దాటినవి, నాలుగింటికి ఇంకా అయిదు నెలలు నిండలేదు. ఫిబ్రవరి చివర్నుంచి జూన్ దాకా పచ్చగడ్డి దొరకదు, దాణా రేటు చూస్తే గుండె గుభేల్‌మంటోంది, అందుకని ఈ నాలుగు నెలలూ వట్టి వరిగడ్డి మీద నెట్టుకొచ్చేసి వానలు పడ్డాక బాగా మేపుదాం అనుకుంటున్నారు. ఎవరో వీడియోలో "కాంపెన్సేటరీ గ్రోత్ వస్తుంది, పోయిన బరువంతా ఫ్రీగా వచ్చేస్తుంది" అని చెప్పారట, అంటే మేత తగ్గి ఆగిన పెరుగుదల మేత దొరికాక మామూలు కన్నా వేగంగా పుంజుకోవడం, అది నిజమేనా అని.

ముందు సమాధానం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. పెరుగుదల తిరిగి వస్తుంది, కానీ మొత్తం రాదు, ఫ్రీగా అసలు రాదు. ఏడాది దాటిన పదకొండింటికీ మేత కొంచెం తగ్గించొచ్చు, రోజుకి రెండు మూడొందల గ్రాములైనా పెరిగేట్టు చూసుకుంటే వానల్లో చాలావరకు పుంజుకుంటాయి. వట్టి వరిగడ్డి మీద మాత్రం పెట్టకండి, అది మేత తగ్గించడం కాదు, పస్తు పెట్టడం. ఇక ఆ నాలుగు చిన్నదూడలకి ఒక్క రోజు కూడా తగ్గించొద్దు. అవి ఇప్పుడు వెనకబడితే తర్వాత బంగారం పెట్టినా పూర్తిగా లేవవు.

నేను పశువైద్య శాఖలో పనిచేసి 2011లో రిటైరయ్యాను. సర్వీసు ఎక్కువగా చోడవరం, మాడుగుల, ఆనందపురం వైపే జరిగింది. రిటైరయ్యాక ఆనందపురం దగ్గర మా సొంత శాలలో పదీ పన్నెండు దున్నదూడల్ని పెట్టి మేపుతున్నాను, ప్రతి దూడకీ ఒక నోటుబుక్కులో పేజీ ఉంటుంది, నెలకోసారి టేపు పెట్టి కొలిచి రాస్తాను. కింద రాసేది కొంత చదివింది, ఎక్కువ ఆ బుక్కులోది.

ఒక విషయం ముందే చెప్పాలి, ఈ సబ్జెక్టు మీద ప్రయోగాలన్నీ దాదాపు బయటి దేశాల్లో మాంసం కోసం పెంచే ఆంగస్, హియర్‌ఫర్డ్, హోల్‌స్టీన్ లాంటి గిత్తల మీద జరిగినవి. మన రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం గోవధ నిషేధం, కాబట్టి మన దగ్గర మాంసానికి పెంపకం అంటే దున్నపోతే, దానికీ వయసు వచ్చాక పశువైద్యుడి సర్టిఫికెట్ కావాలి. ఆవు గిత్తకీ దున్నకీ తేడాలు ఉన్నాయి, కానీ ఒంట్లో జరిగే పని ఒకటే, నా బుక్కులో కూడా అదే కనిపించింది.

అసలు ఏం జరుగుతుందో చెప్తాను. పశువు తిన్నదాంట్లో మొదటి వాటా ఊపిరికి, గుండెకి, ఒంట్లో వేడికి, మేత అరిగించుకోడానికి పోతుంది, దాన్ని పోషణ ఖర్చు అనుకుందాం. అది పోగా మిగిలిందే కండ, కొవ్వు అవుతుంది. ఈ పోషణ ఖర్చులో పెద్ద వాటా తినేసేవి కాలేయం, పొట్ట, పేగులు. ఒంటి బరువులో ఇవన్నీ కలిపి పదో వంతు పైచిలుకే, ఖర్చులో మాత్రం దగ్గర దగ్గర సగం వీటిదే. మేత తగ్గగానే కండ కన్నా ముందు ఇవే చిక్కుతాయి, దాంతో ఒంటి ఖర్చు పడిపోతుంది. మళ్లీ మేత పెరిగినప్పుడు ఈ అవయవాలు పాత సైజుకి రావడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆ కొన్ని వారాలూ ఖర్చు తక్కువ, రాబడి ఎక్కువ. జీతం ఆగిపోయిన ఇంట్లో అన్నీ తగ్గించేసుకుంటారు కదా, జీతం మళ్లీ మొదలయ్యాక కూడా ఒకటి రెండు నెలలు ఆ పొదుపే నడుస్తుంది, ఆ రెండు నెలల్లోనే చేతిలో నాలుగు డబ్బులు మిగులుతాయి. ఇదీ అంతే. ఆ తర్వాత ఆకలి కూడా పెరుగుతుంది, అదే బరువున్న మామూలు దూడ కన్నా ఇది ఎక్కువ తింటుంది, అసలు పెరుగుదల చాలావరకు ఈ ఎక్కువ తినడం వల్లే వస్తుంది. అందుకే ఫ్రీ కాదంటున్నాను, వేసవిలో మిగిల్చిన దాణా డబ్బుల్లో చాలా భాగం వానల్లో మళ్లీ గాటిలో పోయాల్సిందే.

హార్మోన్ల సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. మేత తగ్గినప్పుడు గ్రోత్ హార్మోన్ రక్తంలో పెరుగుతుంది గానీ దాని మాట విని కండ పెంచాల్సిన ఐజీఎఫ్-1 అనే ఇంకో హార్మోన్ తగ్గిపోతుంది, థైరాయిడ్ నెమ్మదిస్తుంది. మేత రాగానే ఇన్సులిన్, ఐజీఎఫ్-1 లేస్తాయి, కండ కట్టడం మొదలవుతుంది. మొదటి వారాల్లో వచ్చేది ఎక్కువ కండా నీరూ, కొవ్వు పట్టడం తర్వాత.

ఇదేం కొత్త విషయం కాదండి. అమెరికాలో మిస్సోరిలో వాటర్స్ అనే ఆయన 1908లోనే గిత్తలకి బరువు పెరగకుండా సరిగ్గా నిలబడేంత మేతే పెట్టి చూశాడు, బరువు నిలబడిపోయింది గానీ ఎముక పెరగడం ఆగలేదు, ఎత్తు పెరుగుతూనే వచ్చింది. ఆస్బార్న్, మెండెల్ అనే ఇద్దరు 1915లో ఎలకల మీద చేసి, ఎదుగుదల ఆగిపోయిన జీవి మళ్లీ తిండి దొరికితే ఎదుగుతుందని చూపించారు. 1955లో బోమన్ మాంసం పశువుల మీద రాసిన పేపర్‌తో కాంపెన్సేటరీ గ్రోత్ అన్న మాట బాగా వాడుకలోకి వచ్చింది. ఐర్లాండ్‌లో రైతులు చలికాలం కొట్టంలో పాతరగడ్డి (సైలేజ్) మీద రోజుకి అరకిలో చొప్పున పెంచి, వసంతంలో పచ్చికలోకి వదిలేస్తారు, అక్కడ పచ్చిక చవక కాబట్టి వాళ్లకి గిట్టుబాటు. ఆస్ట్రేలియా ఉత్తరాన అయితే వానలు లేని నెలల్లో పశువులు బరువు కోల్పోయి వానాకాలం పుంజుకోవడం ఏటా జరిగేదే. మన పద్ధతి దీనికి దగ్గర, తేడా ఏంటంటే వాళ్లకి వందల ఎకరాల మేత భూమి ఉంది, మనకి గట్ల మీద గడ్డి ఉంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. దూడ 120 కిలోలు ఉందనుకోండి, మామూలుగా మేపితే రోజుకి 500 గ్రాములు పెరుగుతుందనుకోండి. నాలుగు నెలలకి 60 కిలోలు పెరగాలి. మీరు మేత తగ్గించారు, రోజుకి 200 గ్రాములే పెరిగింది, అంటే 24 కిలోలు, వెనకబడింది 36 కిలోలు. వానల్లో బాగా మేపారు, రోజుకి 700 గ్రాములు పెరిగింది, నాలుగు నెలల్లో 84 కిలోలు, మామూలుది ఆ టైంలో ఇంకో 60 పెరుగుతుంది. అంటే 24 కిలోలు రాబట్టారు, 12 కిలోలు ఇంకా వెనకే ఉంది. పోయినదాంట్లో మూడింట రెండు వంతులు వచ్చినట్టు. ఇంకో రెండు మూడు నెలలు ఆగితే కొంత వస్తుందేమో, కానీ ఆ నెలల మేత ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? ప్రయోగాల్లో కూడా ఎక్కువగా సగం నుంచి పూర్తి దాకా వస్తుందని ఉంటుంది, పూర్తిగా రావడం తక్కువ సార్లు. వీడియోలో ఆ పూర్తిగా వచ్చిన కేసునే చూపిస్తారు.

ఎంత వస్తుంది అనేది నాలుగు విషయాల మీద ఆధారపడి ఉంటుంది: వయసు, ఎంత తగ్గించారు, ఎన్నాళ్లు తగ్గించారు, తర్వాత ఏం పెట్టారు. నా అనుభవంలో అందరూ మూడోది, నాలుగోది ఆలోచిస్తారు, మొదటి రెండూ వదిలేస్తారు, నష్టం అక్కడే జరుగుతుంది.

వయసు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. సిటీలో పాల డెయిరీల వాళ్లు మగదూడకి పాలు మిగల్చరు, తల్లి చేపు కోసం రెండు నిమిషాలు వదిలి లాగేస్తారు. 2013లో అలాంటి దూడలు ఎనిమిది, నాలుగో నెలలో ఉన్నవి, చవగ్గా వస్తున్నాయని కొన్నాను. చర్మం ఎముకకి అతుక్కుపోయింది, పొట్ట మాత్రం కుండలా ఉంది, వెంట్రుకలు ఎర్రబారి నిలబడి ఉన్నాయి. నేనూ ఇలాగే అనుకున్నాను, బాగా మేపితే లేస్తాయి కదా అని. పొట్టలో పురుగులు పోయే మందు వేశాను, పాలు కొని పోశాను, తర్వాత నూనెగింజల చెక్కా తవుడూ ఏ లోటూ చెయ్యలేదు. రెండు చచ్చిపోయాయి. మిగతా ఆరూ రెండేళ్లకి కండ పట్టి నున్నగానే అయ్యాయి, చూసినవాళ్లు బాగున్నాయనే అన్నారు, కానీ అదే శాలలో తల్లి పాలు తాగి పెరిగిన దూడల పక్కన నిలబెట్టి మూపు దగ్గర కర్ర పెట్టి కొలిస్తే నాలుగు అంగుళాలు పొట్టి. ఆ నాలుగు అంగుళాలు ఇక రాలేదు. మొదటి మూడు నాలుగు నెలల్లో దూడకి పెద్ద పొట్ట ఇంకా పనిలోకి రాదు, గడ్డి తిని బతికే శక్తి ఉండదు, ఎముకా కండా రెండూ అప్పుడే పునాది వేసుకుంటాయి. ఏడాది దాటినదానికి చట్రం చాలావరకు తయారై ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది.

ఎంత తగ్గించాలి. వట్టి వరిగడ్డిలో మాంసకృత్తులు 3 నుంచి 4 శాతం మించవు. పొట్టలో గడ్డిని కుళ్లబెట్టి అరిగించే సూక్ష్మజీవులు బతకాలంటే మేత మొత్తం మీద 7 శాతమన్నా ఉండాలి. అది లేకపోతే అవి తగ్గిపోతాయి, గడ్డి అరగడం నెమ్మదిస్తుంది, పొట్టలో గడ్డి కదలదు, దూడకి ఆకలి వెయ్యదు. గాటిలో గడ్డి నిండుగా ఉంటుంది, దూడ పక్కన పడుకుని ఉంటుంది, మనమేమో తిన్నంత పెడుతున్నాం కదా అనుకుంటాం. కడుపు నిండా పస్తు అంటే ఇదే. పేడ చూస్తే తెలిసిపోతుంది, గట్టిగా పొరలు పొరలుగా, విరిస్తే లోపల గడ్డి పుల్లలు పుల్లల్లాగే కనిపిస్తాయి. అలాంటి పేడ కనిపిస్తే ఆ దూడ పెరగట్లేదు, కండ కరిగించుకుని బతుకుతోంది అని అర్థం. దానికి తోడు మన ఏప్రిల్ మే ఉక్క. దున్నకి చెమట గ్రంథులు తక్కువ, నల్ల తోలు, వేడికి అసలే మేత తగ్గించేస్తుంది. నీడా, చెరువో లేకపోతే రోజుకి రెండుసార్లు ఒళ్లు తడపడమో లేకుండా మేత లెక్కలు వేసి లాభం లేదు.

ఎన్నాళ్లు. మూడు నాలుగు నెలలు మించితే తిరిగి రావడం కష్టం. వానలు ఆలస్యమయ్యే ఏడు ఉంటుంది, జూన్ అనుకున్నది జూలై ఆఖరు అవుతుంది, అందుకని లెక్క వేసుకునేటప్పుడే ఒక నెల అదనంగా వేసుకోండి.

ఇప్పుడు హుద్‌హుద్ సంగతి చెప్పాలి, ఎందుకంటే నేను కావాలని చెయ్యని ప్రయోగం అది. 2014 అక్టోబర్ 12న తుపాను మన మీదే తీరం దాటింది కదా. మా గడ్డిమేటు పైన సగం ఎగిరిపోయింది, మిగతా సగం నాని నాలుగు రోజుల్లో ముక్కిపోయింది, చెయ్యి పెడితే లోపల వేడిగా, బూజు వాసన. పచ్చగడ్డి మడి మీద కొబ్బరి చెట్లు పడ్డాయి. రోడ్లు లేవు, కరెంటు లేదు, దాణా కొట్లు తియ్యలేదు. ఏడాది దాటిన దున్నలు పదకొండు ఉన్నాయి అప్పుడు, దొరికిన ఆకూ అలమూ పెట్టి ఏడు వారాలు ఎలాగో బతికించాం. తుపానుకి ముందు సగటున 190 కిలోలు ఉన్నవి నవంబర్ ఆఖరుకి 181కి దిగాయి. మామూలుగా అయితే 210 దాటి ఉండాలి. డిసెంబర్‌లో కొత్త గడ్డి, దాణా వచ్చాయి, నెమ్మదిగా పెంచుకుంటూ వెళ్లాను. మొదటి ఇరవై రోజుల్లో 20 కిలోలు పెరిగాయి. మా పాలేరు సంబరపడిపోయాడు, బాబూ రోజుకో కిలో అని. కానీ అందులో సగం పైన పొట్టలో గడ్డీ నీళ్లూనే, కండ కాదు. పశువు పొట్టలో ఉండే సరుకే ఒంటి బరువులో పదో వంతు పైన ఉంటుంది, ఖాళీ పొట్ట నిండితే తూకం లేవడంలో వింత లేదు. మేత మార్చిన మొదటి పది పదిహేను రోజుల బరువు నమ్మకండి, రెండు వారాలు పోయాక తీసిన కొలతే అసలు మొదలు. ఆ తర్వాత ఫిబ్రవరి ఆఖరు దాకా రోజుకి 650 గ్రాముల లెక్కన పెరిగాయి, మామూలు రోజుల్లో నా శాలలో 450 ఉంటుంది. మార్చిలో మళ్లీ 450కి వచ్చేశాయి. అంటే పుంజుకునే కిటికీ మూడు నెలలు తెరిచి ఉంది, తర్వాత మూసుకుపోయింది. చివరికి ఓ అయిదారు కిలోలు మాత్రమే వెనకబడ్డాయి. బాగా వచ్చినట్టే, కానీ గమనించండి, అవి ఏడాది దాటినవి, పస్తు ఏడు వారాలే, తర్వాత పెట్టిన దాణా అంతకుముందు ఎప్పుడూ పెట్టనంత.

తిరిగి మేపడం మొదలుపెట్టేటప్పుడే ప్రాణాలు పోతాయి. ఈ పేరా మాత్రం దయచేసి రెండుసార్లు చదవండి. సబ్బవరం వైపు ఒక కుర్రాడు, మంచి రైతు, వేసవంతా ఎండిపోయిన దున్నలకి బలం రావాలని పెళ్లివారింట్లో మిగిలిన అన్నం రెండు డేగిశాలు తెచ్చి గాటిలో పోశాడు. ఆకలి మీద ఉన్నవి కదా, మెతుకు మిగల్చకుండా తినేశాయి. మర్నాడు పొద్దున్న ఫోన్ చేస్తే వెళ్లాను. నాలుగు పడుకున్నాయి, కళ్లు లోపలికి పోయాయి, ఎడం డొక్క మీద పిడికిలితో నొక్కితే లోపల కుండలో నీళ్లు కదిలినట్టు గలగలమంటోంది, పేడ పల్చగా బూడిద రంగులో పుల్లటి వాసన. అన్నం, నూకలు, మొక్కజొన్న పిండి, ఏదైనా సరే పిండిపదార్థం ఒక్కసారి ఎక్కువ పడితే పొట్టలో పులిసి ఆమ్లం తయారవుతుంది, ఆ ఆమ్లం పశువు ఒంట్లో నీటిని పొట్టలోకి లాగేస్తుంది, రక్తంలోకి కూడా వెళ్తుంది. నాలుగింట్లో రెండు పోయాయి. ఆ కుర్రాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే, ప్రేమ కొద్దీ పెట్టాడు పాపం. అలా జరిగితే దాణా ఆపేసి, 150 కిలోల దున్నకి వంటసోడా ఒక వంద గ్రాములు నీళ్లలో కలిపి, తల మరీ పైకెత్తకుండా నెమ్మదిగా తాగించి, వెంటనే డాక్టర్ని పిలవండి, సోడాతో సరిపెట్టుకోవద్దు.

అందుకని దాణా పెంచడం మూడు వారాల పని. 150 కిలోల దూడకి మొదటి నాలుగైదు రోజులు అరకిలో దాణా, కడుపు నిండా గడ్డి. తర్వాత మూడు నాలుగు రోజులకోసారి పావుకిలో పెంచుతూ ఇరవై రోజులకి కిలోన్నర, రెండు కిలోల దగ్గరికి రండి. ఎప్పుడైనా పేడ పల్చబడితే రెండు రోజులు అక్కడే ఆగండి. దాణా ఒకేసారి కాకుండా పొద్దునా సాయంత్రం రెండు పూటలు, ముందు గడ్డి, తర్వాత దాణా. పచ్చగడ్డి కూడా అంతే, తొలకరికి వచ్చే లేత గడ్డి మీద ఆకలి దూడల్ని పొద్దున్నే వదలొద్దు, ఎండుగడ్డి కొంత తిన్నాక వదలండి.

నేను కలుపుకునే దాణా వందకి ఇలా ఉంటుంది: మొక్కజొన్న లేదా నూకలు 30, తవుడు 42, వేరుశెనగ చెక్క 25, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. చెక్క దగ్గర పొదుపు చెయ్యకండి, తిరిగి పుంజుకునే దూడకి కండ కట్టడానికి మాంసకృత్తులే కావాలి, తవుడూ నూకలూ మాత్రమే పోస్తే బరువు వస్తుంది గానీ కొవ్వు పడుతుంది. చెక్క కొనేటప్పుడు విరిచి చూడండి, లోపల బూజు గానీ ఆకుపచ్చ మచ్చ గానీ ఉంటే తక్కువకి ఇస్తానన్నా తీసుకోవద్దు, కాలేయం పాడవుతుంది. మన వైపు ఉలవలు ఉడకబెట్టి పెట్టడం అలవాటు, మంచిదే, చెక్కలో కొంత తగ్గించి పెట్టొచ్చు.

మేపు మొదలుపెట్టే ముందు పొట్టలో పురుగులు పోయే మందు తప్పనిసరి. పొట్టలో పాములూ కాలేయంలో జలగలూ ఉన్న దూడకి పెట్టిన దాణా సగం వాటికే. చెరువు గట్ల మీద, వరి పొలాల్లో మేసేవాటికి జలగ వ్యాధి ఎక్కువ, మామూలు పాముల మందు దానికి పనిచెయ్యదు, జలగల మందు వేరేగా అడిగి వేయించండి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు కూడా వానలకి ముందే అయిపోవాలి.

ఇంక వ్యాపారం వైపు ఒక మాట. ఈ పెరుగుదల వల్ల నిజంగా డబ్బు మిగిలేది ఎవరికంటే, బక్కదాన్ని కొన్నవాడికి. బక్క చేసినవాడికి కాదు. మేలో అలమండ సంతకో మానాపురం సంతకో వెళ్తే మేత లేక అమ్ముకునేవాళ్లు చాలామంది ఉంటారు, ఆ దున్న చిక్కిన నష్టం అమ్మేవాడు భరించాడు, పుంజుకునే లాభం కొనేవాడు తీసుకుంటాడు. నేను ఏటా మూడో నాలుగో అలా కొంటాను. కానీ బక్క దూడ వేరు, గిడసబారిన దూడ వేరు. మోకాలి కీలు మందంగా, నడుము పొడుగ్గా, ఎత్తుగా ఉండి కండ మాత్రమే లేనిదైతే అది పుంజుకుంటుంది. ఒంటికి తల మరీ పెద్దదిగా కనిపిస్తే, నోరు తెరిచి చూస్తే పళ్లు వయసు చెప్తున్నాయి ఒళ్లు చెప్పట్లేదు అనిపిస్తే, వదిలెయ్యండి. దవడ కింద చెయ్యి పెట్టి చూడండి, అక్కడ మెత్తగా నీటి సంచిలా వేలాడుతుంటే జలగలో పాములో ముదిరాయని అర్థం. కంటి రెప్ప కిందకి లాగితే లోపల పాలిపోయి ఉంటుంది. ఈ రెండూ ఉంటే ఎంత చవకైనా వద్దు.

మీ పదకొండింటి విషయానికి వస్తే, ఈ వేసవికి నేనైతే ఇలా చేస్తాను. వరిగడ్డిని యూరియాతో మాగబెట్టండి: 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, గడ్డి పొరలు పొరలుగా పరుస్తూ చల్లి, తొక్కి, టార్పాలిన్‌తో గాలి చొరకుండా కప్పి 21 రోజులు ఉంచాలి. తీసినప్పుడు గడ్డి ముదురు పసుపు రంగుకి వచ్చి మెత్తగా ఉంటుంది, ఘాటు వాసన కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది, ఓ గంట ఆరబెట్టాక పెట్టండి. మొదట తినవు, రెండు మూడు రోజులు మామూలు గడ్డితో కలిపితే అలవాటు పడతాయి. దీంతో మాంసకృత్తులు 7 శాతం దాటుతాయి, గడ్డి తినడం కూడా పెరుగుతుంది. యూరియా నీళ్ల బకెట్టు మాత్రం దూడలకి అందే చోట పెట్టొద్దు, తాగితే గంటల్లో చచ్చిపోతాయి. దీని మీద దూడకి రోజుకి పావుకిలో చెక్క, 30 గ్రాముల లవణ మిశ్రమం, దొరికినప్పుడు సుబాబుల్, అవిశ కొమ్మలు. చోడవరం, అనకాపల్లి వైపు చెరకు నరికే రోజుల్లో చెరకు ఆకు దాదాపు రవాణా ఖర్చుకే వస్తుంది, మార్చి దాకా అది తెచ్చుకోండి. పెసర, మినప కట్టె ఎవరి కళ్లంలోనైనా మిగిలితే వదలొద్దు, వరిగడ్డి కన్నా ఎంతో మేలు. ఇంతకే రోజుకి రెండు మూడొందల గ్రాములు పెరుగుతాయి, ఖర్చు మీరు భయపడినంత ఉండదు.

కొలత మానొద్దు. కాటా లేకపోయినా టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి తుంటి చివర దాకా పొడవు, రెండూ అంగుళాల్లో తీసుకుని, చుట్టుకొలతని చుట్టుకొలతతో హెచ్చవేసి, దాన్ని పొడవుతో హెచ్చవేసి 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టు 48, పొడవు 42 ఉంటే 146 కిలోల పైన. పొద్దున్నే నీళ్లు పెట్టకముందు, ఒకే మనిషి కొలవాలి. దాంతోపాటు మూపు ఎత్తు కూడా రాయండి. రెండు నెలలు బరువు నిలబడిపోయినా ఎత్తు అర అంగుళం లేచిందంటే భయం లేదు, వాటర్స్ గిత్తల్లాగే చట్రం పని చేసుకుంటోంది. బరువూ ఎత్తూ రెండూ ఆగిపోతే ఆ రోజే చెక్క పెంచండి, వానల కోసం చూడొద్దు.

చివరికి ఆ నాలుగు చిన్నవి. ఈ వారమే వాటిని వేరే గాటికి మార్చండి, పెద్దవాటితో కలిపి ఉంచితే పెట్టిన దాణా పెద్దవే లాగేస్తాయి. ఇంకా పాలు తాగుతుంటే ఆపొద్దు. యూరియా గడ్డి ఆరు నెలలు నిండేదాకా వీటికి పెట్టొద్దు, వీటికి మెత్తటి ఎండుగడ్డి, ఉన్నంతలో పచ్చ ఆకు, ఒక్కోదానికి రోజుకి ముప్పావు కిలో మంచి దాణా ఇవ్వండి. అన్నిటికీ సరిపడా డబ్బులు లేవు అంటే, పదకొండింట్లో ఒక పెద్దదాన్ని ఇప్పుడు, ఒంటి మీద కండ ఉన్నప్పుడే అమ్మేసి ఆ డబ్బు ఈ నాలుగింటి దాణాకి పెట్టండి. మేలో అదే దున్నని బక్కగా సంతకి తోలుకెళ్లి అమ్మే కన్నా మీకు అదే గిట్టుబాటు.